నిన్నటి చేపల పులుసు

ఆ నాలుగు వాక్యాలు రాసినప్పుడు నామీద నాకే ఎంత ముచ్చటేసిందో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. పుత్తూరు నుంచి తిరుపతికి వచ్చే బస్సులో, కిటికీ పక్క సీట్లో కూర్చుని ఫోన్లో రాశాను. రాసి పైకే నవ్వాను. పక్కనున్నావిడ నన్ను అదోలా చూసి కొంచెం అవతలికి జరిగింది.

"వడమాలపేట రోడ్డు మీదున్న ఈ మెస్సులో చేపల పులుసు తాజాగా దొరకదు. నిన్నటిదే పెడతారు. తాజాది కావాలంటే తిడతారు. ఊరంతా చేపలు తినే ఆదివారం ఇక్కడ చేప మొహం కూడా కనబడదు."

మా వైపు మనిషి ఎవరైనా ఇది చదివితే నోరూరాలి. చేపల పులుసు అంటేనే నిన్నటిది. ఒక రాత్రి గడిస్తేగాని పులుపూ కారమూ ముక్కలోకి దిగవు. పొద్దున వండింది మధ్యాహ్నానికే వడ్డిస్తే మా ఇంట్లో నాయన కంచం ముందు నుంచి లేవకుండానే, ఏం, రేపటిదాకా ఆగలేకపోయినారా అనేవాడు. నేను చేసిందల్లా ఆ మెచ్చుకోలును తిట్టులా రాయడం. నిందాస్తుతి. పుత్తూరులో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను నేను. దేవుణ్ణి తిడుతున్నట్టే తిడుతూ పొగిడే పద్యాలను ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు చెబుతూనే ఉన్నాను. చెప్పీ చెప్పీ ఆ కళ నాకూ అబ్బిందనుకున్నాను.

తిరుపతిలో అచ్చయ్యే ఒక పత్రిక జిల్లా పేజీలో ప్రతి బుధవారం నేను తిండి గురించి రాస్తాను. మొదట్లో పెద్దగా ఎవరూ చదవలేదు. ఒకసారి బస్టాండు దగ్గర కారం దోసెలు పోసే బండి గురించి రాశాను. ఎర్రకారం పెనం మీద చుర్రుమన్నప్పుడు దగ్గు వచ్చే మనిషికీ ఆకలి వేసే మనిషికీ మధ్య తేడా ఏమిటన్నది ఆ వ్యాసం. రెండు రోజుల తర్వాత అటు వెళ్తే బండి దగ్గర వరస నిలబడి ఉంది. అందులో ఒకాయన చేతిలో నా పేజీ. ఆ రోజు నుంచి నాకు పొగరెక్కింది. దోసె బాగుండబట్టి జనం వచ్చారని అనుకోలేదు, వాక్యం బాగుండబట్టి వచ్చారనుకున్నాను.

ఇక ఆ మెస్సు సంగతి. నడిపే ఆవిడకు అరవై దాటాయి. నేను అక్కా అంటాను. ఆవిడా, ఆవిడ కోడలూ, రెండు జతల చేతులే ఆ వంటింట్లో. ఆరు బల్లలు, రేకుల కప్పు, వెనక వేపచెట్టు. కాలేజీలో మధ్యాహ్నం తరగతులు లేని రోజుల్లో నేను తిరుపతి దారిలో, చెన్నై రోడ్డు మీదే ఉన్న వడమాలపేటలో దిగి అక్కడ తిని, తర్వాతి బస్సెక్కి ఇంటికి పోయేదాన్ని. తిండి కోసం ఎంత పోయేదాన్నో ఆవిడ తిట్ల కోసం కూడా అంతే.

"ఏం మే, పిల్లోళ్ళకి పాఠం సెప్పేదానివి, సంగటి నమల్తా ఉండావే? నమిలేదానికి అదేమన్నా సెరుకుగడా? పులుసులో ముంచి మింగల్ల. గొంతులో జారిపోవల్ల," అంది మొదటిరోజే. తర్వాత నేను కావాలని నమిలేదాన్ని. ఆవిడ కావాలని తిట్టేది. మా అమ్మ పోయాక నన్ను 'ఏం మే' అన్న మనిషి ఇంకొకరు లేరు.

వ్యాసం వచ్చిన బుధవారం కోడలు దాన్ని పైకి చదివి వినిపించిందట. అక్క పగలబడి నవ్విందట. ఈ పాపకి నోరు జాస్తి అని, ఆ ముక్క కత్తిరించి మైదా జిగురుతో గోడకు, దేవుడి క్యాలెండరు పక్కనే అంటించింది. మరుసటిరోజు మధ్యాహ్నం ఒంటిగంటకే చేపల చట్టి ఖాళీ అయిందని కోడలు ఫోన్ చేసి చెప్పింది. నేను ఆ రోజంతా కాలేజీలో కాలు నేల మీద ఆనకుండా తిరిగాను.

సోమవారం ఒంటిగంటకు మెస్సులో అడుగుపెట్టేసరికి ఆరు బల్లలూ ఖాళీగా ఉన్నాయి. ఆ వేళలో నిలబడి తినే రోజులుండేవి అక్కడ. అక్క గోడకానుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. విస్తరాకు పరిచింది, నీళ్ళు చల్లింది, సంగటి పెట్టింది. ఒక్క తిట్టూ లేదు.

కోడలు తన ఫోన్ నా ముందు పెట్టింది. నా వ్యాసం ఫొటో. మొత్తం కాదు, ఆ నాలుగు వాక్యాలే. పైన ఎవరో రాశారు: చెన్నై రోడ్డులో పోయేవాళ్ళు జాగ్రత్త, పాచిపోయిన చేపలు పెడుతున్నారు, మీవాళ్ళందరికీ పంపండి. కింద ఎవరో తనకు అక్కడ తిన్నాక వాంతులయ్యాయని రాశాడు. ఇంకొకడు తనకూ అయ్యాయన్నాడు.

"శుక్రారం నుంచి తిరగతా ఉండాది మేడమ్ ఇది," అంది కోడలు. "శని, ఆదివారాలు మామూలుగానే చేపలు పెట్టం కదా, మాకు తెలీలేదు. ఈ పొద్దు పొద్దన్నే ఆఫీసరు వచ్చినాడు."

ఆహార తనిఖీ అధికారి. ఎవరో ఫిర్యాదు పంపారు. ఆయన లోపలికి వచ్చి చుట్టూ చూసి, గోడ మీద అంటించిన నా వ్యాసం ముందు ఆగాడట. నిలవది పెడుతున్నారని పేపర్లో వచ్చింది, దాన్ని మీరే తెచ్చి గోడకు పెట్టుకున్నారు, ఇంక నేను అడిగేదేముంది అన్నాడట. గురువారం మళ్ళీ వస్తానన్నాడు. ఫిర్యాదు నిజమని తేలితే మెస్సు మూయించాల్సి వస్తుందని చెప్పి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని పోయాడు.

"అక్కా, నేను పొగిడానక్కా," అన్నాను.

"అన్నం తిను," అంది అక్క. అంతే.

అక్కడే ఆవిడ ముందే పత్రికకు ఫోన్ చేశాను. పేజీ చూసే ఆయన నెమ్మదస్తుడు, నాకంటే చిన్నవాడు. ఈ బుధవారం కూడా అదే మెస్సు గురించి రాస్తానంటే, మంగళవారం సాయంత్రంలోగా ఇస్తే వేస్తానన్నాడు. అంటే ఒకటిన్నర రోజు ఉంది. గురువారం ఆ అధికారి వచ్చేలోపు నా మాటను నేనే వెనక్కి తీసుకోవాలి. నాకు భయమేమీ వేయలేదు. నాలుగు వాక్యాలతో మెస్సు ఖాళీ చేసినదాన్ని, నలభై వాక్యాలతో నింపలేనా అనుకున్నాను.

ఆ సాయంత్రం తిరుపతిలో ఇంట్లో కూర్చుని రాశాను. మట్టి చట్టిలో అమృతం కాచే అన్నపూర్ణ, తరతరాల రుచి, తల్లి చేతి వంట, దారినపోయే బాటసారి ఆకలి తీర్చే చలివేంద్రం. రాస్తున్నంతసేపూ కళ్ళు చెమర్చాయి. మంగళవారం పొద్దున్నే పత్రిక ఆయనకు పంపి, ఫోన్ చేశాను.

"మేడమ్, ఏమీ అనుకోకండి," అన్నాడు. "ఇది చదివితే ఆకలి వేయడం లేదు. అనుమానం వేస్తోంది. పోయినవారం నిన్నటిది పెడతారన్న మనిషి ఈ వారం అన్నపూర్ణ అంటోందంటే, మధ్యలో ఏదో జరిగిందనే కదా అనుకుంటారు. మెస్సువాళ్ళే కూర్చోబెట్టి రాయించినట్టుంది."

నాకు మండింది. తరగతికీ తరగతికీ మధ్య స్టాఫ్ రూంలో కూర్చుని ఇంకొకటి రాసి పంపాను. ఇది కోపంతో రాసింది. చేపల పులుసు ఎప్పుడు తినాలో తెలియనివాళ్ళు, సగం చదివి సగం వదిలేసేవాళ్ళు, ఫోన్లో ఏది కనబడితే దాన్ని పదిమందికి తోసేవాళ్ళు, అందరినీ ఉతికి ఆరేశాను. అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. పదకొండున్నరకు ఆయనే ఫోన్ చేశాడు.

"ఇది ఇంకా కష్టం మేడమ్. మన తప్పు బయటపడినప్పుడు మనం ఇట్లాగే అరుస్తాం కదా. చదివేవాళ్ళను తిట్టి వాళ్ళ చేత అన్నం ఎలా తినిపిస్తారు? ఏడింటి దాకా పేజీ ఆపుతాను. ఆ తర్వాత నా చేతిలో ఉండదు."

పొగిడితే నమ్మరు, తిడితే నమ్మరు. నాకు వచ్చినవి ఆ రెండే. సగంరోజు సెలవు పెట్టి బస్సెక్కాను.

మెస్సులో ఇద్దరు తింటున్నారు, ఇద్దరూ సాంబారన్నమే. అక్క వెనక వేపచెట్టు కింద చేపలు కడుగుతోంది. ఎవరూ తినకపోయినా ఆవిడ రేపటి చట్టి పెట్టడం మానలేదు. నేను రెండు కాగితాలూ చదివి వినిపించాను. చేతులు ఆపకుండా వింది. తర్వాత మెల్లిగా అంది:

"నువ్వు నవ్వతా రాసినావు. నాకు తెల్సు. నా ముందర కూసోని నవ్వతా సెప్పినట్టే ఇనపడింది నాకు. నవ్వే మొగం పేపర్లో కనపడదు కదమ్మణ్ణీ. నన్ను ఎరగనోళ్ళకి, నిన్ను ఎరగనోళ్ళకి ఏం కనపడతాది? నిన్నటిది పెడతారు, తిడతారు. అదే కనపడతాది."

ఇరవై ఏళ్ళు పిల్లలకు నేను చెప్పని పాఠం అది. నిందాస్తుతి చదివి నవ్వుకోవాలంటే దేవుడూ భక్తుడూ ఇద్దరూ ముందే తెలిసుండాలి. దారిన పోయేవాడికి అది ఒట్టి తిట్టే. చెన్నై వైపు కారులో పిల్లలతో పోతున్న మనిషికి నేనెవరో తెలియదు, అక్క ఎవరో తెలియదు. వాడు ఫోన్ చూసుకుని కారు ఆపకుండా పోయాడంటే వాడి తప్పేమిటి?

"మరి ఏం చెయ్యమంటావక్కా?"

"ఆ కాయితాలు లోపల పెట్టు. ఈడ కూసో. నేను సేసేది సూడు, నేను సెప్పేది రాసుకో. నీ మాట ఒకటి గూడా కలపొద్దు. మొన్న నీ మాటలతోనే మునిగినాము."

"కలపను," అన్నాను.

రాసుకున్నాను. సత్యవేడు పక్క నుంచి చేపల మనిషి పొద్దున పదిన్నరకు దించి పోతాడు. అన్నీ చెరువు చేపలే. చేప చెవులు ఎత్తి లోపలి మొప్పలు చూసి, ఎర్రగా లేనివి వాడి బుట్టలోకే తిరగేస్తుంది. కల్లుప్పూ పసుపూ వేసి మూడుసార్లు కడుగుతుంది. చింతపండు కాగిన నీళ్ళలోనే నానబెడుతుంది, పచ్చినీళ్ళు తగలనివ్వదు. టెంకాయ వేయదు. "టెంకాయేస్తే కమ్మగా ఉంటాది. కానీ నిలవదు," అంది. టమోటా కూడా అంతే. పులుసు తెర్లి బాగా మరిగాకే ముక్కలు వేస్తుంది. ముక్కలు పడ్డాక గరిటె పెట్టదు, గుడ్డతో చట్టి అంచులు పట్టుకుని తిప్పుతుంది. ఆ బరువు చట్టిని ఆ వయసులో ఆవిడ తిప్పుతుంటే నా చేతులు బిగుసుకున్నాయి. సరిగ్గా నాలుగింటికి దించింది. ఉత్తరం కిటికీ కింద వెడల్పాటి తొట్టెలో తడి ఇసుక. చట్టిని అందులో మెడదాకా కూర్చోబెట్టి, మూత పెట్టి, మూత మీద ఉతికిన గుడ్డ కట్టింది.

"రేపు పదింటికి కోడలు ఒక్కసారి కాగబెడతాది. ఒక్కసారే. మద్యాన్నం మూడింటికి మిగిలిందంతా పారబోస్తాం. రెండో రాత్రి పెట్టము."

"శనివారం?"

"శనారం నా పొయ్యి మీదికి సేప ఎక్కదు, కాగబెట్టేదానికి గూడా ఎక్కదు, అది నీకు తెల్సు. అందుకే ఆదారం పులుసుండదు. ఆదారం పొద్దన్నే సేసి మద్యాన్నం పెట్టొచ్చు గదా, ఎంతమంది తిరిగి పోతా ఉండారో సూడు అంటారు అందరూ. సేసిన పొద్దే పెట్టేది నాకు సేతగాదు. అదీ రాసుకో."

ఈ ఒక్క మాట చాలనిపించింది నాకు. గిరాకీ ఎక్కువున్న రోజునే కుండ బోర్లించే మనిషి, పాచిది ఎవరికైనా ఎందుకు పెడుతుంది? ఆ మాట నేను విడమరచి చెప్పాల్సిన పని కూడా లేదు. చదివేవాళ్ళే అనుకుంటారు. తమంతట తాము అనుకున్నది మనుషులు వదలరు.

ఐదింటి బస్సెక్కాను. చెప్పింది చెప్పినట్టు ఫోన్లో కొట్టుకుంటూ పోయాను. పైన రెండు వాక్యాలు పెట్టాను: పోయినవారం ఈ మెస్సు గురించి వేళాకోళంగా రాశాను, అది మెచ్చుకోలని తెలిసేలా రాయలేకపోవడం నా తప్పు. ఈసారి ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఆ కింద అంతా చేపలు, ఉప్పు, ఇసుక, గుడ్డ, గంటలు. ఒక్క విశేషణం లేదు. రేణిగుంట దాటేసరికి అయిపోయింది. ఒకసారి చదువుకున్నాను. బాగుంది. కానీ గుడ్డ కట్టడం దగ్గర ఏదో బోసిగా అనిపించింది. నా చెవికి ఒక వాక్యం తక్కువైనట్టుంది. వేలు దానంతటదే కదిలింది.

"తెల్లవారేదాకా ఆ మూత ఎవరూ తియ్యరు, ఆఖరికి వండిన ఆవిడ కూడా."

అదొక్కటే. చదువుకుంటే ఒళ్ళు జల్లుమంది. ఆరున్నరకు పంపేశాను. పత్రిక ఆయన వెంటనే జవాబిచ్చాడు, ఇప్పుడు ఆకలి వేస్తోంది మేడమ్ అని.

బుధవారం వ్యాసం వచ్చింది. మధ్యాహ్నం కోడలు ఫోన్ చేసింది. పదకొండు మంది వచ్చారట. వచ్చినవాళ్ళు గట్టిగా మాట్లాడలేదు, నవ్వలేదు. ఒకాయన వంటింటి గుమ్మం దాకా వచ్చి ఇసుక తొట్టె చూపించమని అడిగి, చూసి, పోయి కూర్చుని తిన్నాడట. "చేపలే అడిగినారు మేడమ్," అంది. గొంతులోకి ప్రాణం వచ్చినట్టుంది. రేపటి మాట మాత్రం ఇద్దరమూ ఎత్తలేదు.

గురువారం సెలవు పెట్టి పది గంటలకే మెస్సులో ఉన్నాను. అక్క కొత్త చీర కట్టుకుంది. గోడ మీద పాత వ్యాసం గీకేసిన చోట తెల్లటి మచ్చ మిగిలింది. పదకొండున్నరకు అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, మర్యాదగా మాట్లాడాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. నిన్నటి నా వ్యాసం.

"ఇందులో రాసిందే చూస్తానమ్మా. ఉన్నది ఉన్నట్టు ఉంటే ఇబ్బంది లేదు."

ఒక్కో వాక్యం దగ్గర వేలు పెట్టి, అది చూసి, వేలు కిందికి జరుపుతూ పోయాడు. ఇసుకలో వేలు గుచ్చి తడి చూశాడు. చింతపండు నానేసిన గిన్నె అడిగాడు. టెంకాయ చిప్ప ఎక్కడైనా ఉందేమోనని వెనక చెత్తబుట్ట దాకా పోయాడు. ఫ్రిజ్ ఉందా అన్నాడు, లేదన్నారు. నా ఎదుట ఎవరో నా పరీక్ష పేపరు దిద్దుతున్నట్టుంది. అయినా లోపల గర్వంగానే ఉంది. నేను చెప్పింది చెప్పినట్టు రాశాను కదా.

వేపచెట్టు దగ్గర తీగ మీద రెండు గుడ్డలు ఆరేసి ఉన్నాయి. ఆయన అక్కడ ఆగాడు.

"చట్టికి కట్టే గుడ్డ ఒకటి. ఈ రెండోది?"

"మూత తుడిచేది సార్," అంది కోడలు, ఏమీ అనుమానించకుండా. "మాపటేళ చట్టి రవ్వంత ఆరినాక మూత తీసి తుడిచి మళ్ళీ పెడతాం. రోజూ."

ఆయన కాగితం చూశాడు. ఇంకోసారి చూశాడు.

"తెల్లవారేదాకా మూత ఎవరూ తియ్యరని ఉందే ఇందులో. వండిన ఆవిడ కూడా తియ్యదట. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నానని పైన ఉంది." గొంతు పెంచలేదు. "ఇది అబద్ధమా, మీరు చెప్పేది అబద్ధమా? ఇదొక్కటి అబద్ధమైతే, మిగతావి నేనెందుకు నమ్మాలి?"

రోడ్డు మీద లారీ పోయిన చప్పుడు చివరిదాకా వినబడింది. అక్క ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"ఆ మాట నేను సెప్పలేదు," అంది.

ఏదైనా అనొచ్చు. పత్రికవాళ్ళు కలిపారనొచ్చు, పొరపాటున పడిందనొచ్చు. ఆ రెండూ నోటిదాకా వచ్చాయి. కోడలి చెయ్యి కొంగును నలుపుతోంది.

"ఆ వాక్యం నాది సార్," అన్నాను. "ఆవిడ చెప్పలేదు. నేను ఐదింటి బస్సుకు పోయాను. సాయంత్రం ఏం చేస్తారో చూడలేదు. చదవడానికి బాగుంటుందని కలిపాను."

"ఇంకేం కలిపారు?"

అంత మర్యాదగా నన్ను ఎవరూ ఎప్పుడూ కొట్టలేదు. ఇంకేమీ లేదన్నాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆయన జేబులోంచి పెన్ను తీసి, కాగితంతోపాటు నా చేతికిచ్చాడు. కొట్టెయ్యండి అన్నాడు. వేపచెట్టు కింద, వాళ్ళిద్దరి ముందూ, నా వాక్యాన్ని నేను అడ్డంగా కొట్టేశాను. పక్కన సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. పిల్లల కాగితాల మీద లెక్కలేనన్ని ఎర్రగీతలు గీసిన చెయ్యి అది, ఆ ఒక్క గీత వంకరగా వచ్చింది.

ఆయన కాగితం జేబులో పెట్టేసుకుని, అక్క వైపు తిరిగాడు. "ఈమె రాసింది వదిలెయ్యండమ్మా. మీరే చెప్పండి, మొదటి నుంచి."

అక్క చెప్పింది. చేప చెవులు ఎత్తడం దగ్గర మొదలుపెట్టి, మంగళవారం నాకు ఏ మాటలతో చెప్పిందో ఆ మాటలతోనే చెప్పింది. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. మూత దగ్గరికొచ్చి ఆగింది. "మూతకి లోపల సెమట పడతాది సార్. ఆ నీళ్ళు పులుసులో కారితే తెల్లారేసరికి పాసిపోతాది. అందుకని మాపటేళ తీసి, పొడి గుడ్డతో తుడిసి పెడతాం. అది తుడవకపోతే ఇసక పెట్టినా, గుడ్డ కట్టినా ఏం పెయోజనం లేదు."

పులుసును కాపాడేది ఆ తుడవడమే. మొత్తం వ్యాసంలో ఉండాల్సిన అసలు మాట అదే. ఇంకొక గంట కూర్చునుంటే కళ్ళారా చూసేదాన్ని. చూడకుండా, ఉన్న నిజం స్థానంలో అందమైన డొల్లమాట పెట్టి, ఒళ్ళు జల్లుమనిపించుకున్నాను. మరీ అన్యాయం ఏమిటంటే, నా వాక్యం ప్రకారం చేస్తే ఆ పులుసు నిజంగానే పాచిపోతుంది.

ఆయన పులుసు కొంత సీసాలో పోసుకున్నాడు, చట్టి వాసన చూశాడు. ప్రస్తుతానికి మూయనవసరం లేదన్నాడు. ఎప్పుడు వండింది, ఎప్పటిదాకా పెడతారు అన్నది అందరికీ కనబడేలా బోర్డు రాసి పెట్టమన్నాడు. సీసా ఫలితం కూడా వారంలో బాగానే వచ్చింది.

ఆ బోర్డు రాసింది నేనే. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని కోడలు అడిగింది. నిన్న సాయంత్రం నాలుగింటికి వండిన చేపల పులుసు. ఈ రోజు మూడు గంటల దాకా. శని, ఆదివారాల్లో లేదు. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి చివర్లో కాసేపు ఊగింది, ఇంకొక్క మాటకు. అక్క వెనకే నిలబడి ఉంది. చెయ్యి దించేశాను. ఇన్నేళ్ళలో నేను రాసినవాటిలో ఎక్కువమందికి అన్నం తినిపించింది ఆ మూడు ముక్కలే. కార్లు ఆపుతున్నారు. బోర్డు చదువుతున్నారు. లోపలికి వస్తున్నారు.

నేనూ వెళ్తూనే ఉన్నాను. మొన్న కూడా వెళ్ళాను. బల్లలన్నీ నిండి ఉన్నాయి, కోడలు ఒక మూల చోటు చూపించింది. అక్క స్వయంగా వచ్చి ఆకు తుడిచి, సంగటి పెట్టి, పులుసు పోసింది. ముక్క పెద్దదే వేసింది. ఆవిడ అక్కడే నిలబడి ఉండగా నేను ముద్ద తుంచి నోట్లో పెట్టుకుని నమిలాను. బాగా కనబడేలా, పశువులా, మళ్ళీ మళ్ళీ నమిలాను.

అక్క చూసింది.

"నీళ్ళు తెమ్మంటారా మేడమ్?" అంది.